క్రేన్ లివర్ వదిలి కంట్రోలర్ పట్టుకుంటే: ప్లేస్టేషన్ 5 స్లిమ్‌తో ఏడాదిన్నర

“బావా, సీడీ పెట్టేది కొనాలా, సీడీ లేనిది కొనాలా?”

గాజువాక నుంచి మా బావమరిది ఈ నెలలో నాలుగోసారి ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ ఒకే జవాబు చెప్పాను, సీడీ పెట్టేదే కొనమని. నాలుగుసార్లూ “అది కాదు బావా” అంటూ మళ్లీ మొదటికొచ్చాడు. సీడీ లేనిదైతే ధర తక్కువ, వాడి లెక్క అంతే. ఆ తేడా డబ్బు ఎందుకు మిగలదో ఫోన్లో చెబితే చెవికెక్కడం లేదు. ఇవాళ వీక్లీ ఆఫ్ కాబట్టి కూర్చుని రాస్తున్నాను. టీవీకి తగిలించి గేములు ఆడే ఈ మెషీన్, ప్లేస్టేషన్ 5 స్లిమ్, మా ఇంటికొచ్చి ఏడాదిన్నర అయింది.

నేను విశాఖ పోర్టులో క్రేన్ ఆపరేటర్ని. ఓడలోంచి కంటైనర్లు దించే పెద్ద క్రేన్. పదంతస్తుల ఎత్తున అద్దాల క్యాబిన్లో కూర్చుని, కాళ్ల కిందున్న అద్దంలోంచి నేలకేసి చూస్తూ పని చెయ్యాలి. ఎడమ చేతి లివర్‌తో ట్రాలీ ముందుకీ వెనక్కీ, కుడి చేతి లివర్‌తో స్ప్రెడర్, అంటే కంటైనర్‌ని పట్టుకునే ఇనుప చట్రం, పైకీ కిందికీ. ఆ స్ప్రెడర్ నాలుగు మూలలూ కంటైనర్ నాలుగు మూలల్లో ఉన్న రంధ్రాల్లో సరిగ్గా కూర్చోవాలి. తాళ్లకు వేలాడే బరువు కదా, మనం ఆపగానే ఆగదు, ఊగుతుంది. ఊపు ఎటు పోతుంటే ట్రాలీని అటే కాస్త తోసి ఆ ఊపును పట్టుకోవాలి. అంతా వేళ్ల బరువులో ఉన్న తేడా. అందుకని గ్రాఫిక్స్ గురించి నన్ను అడిగితే రెండు ముక్కలు కూడా చెప్పలేను గానీ, కంట్రోలర్ మీద బొటనవేళ్లతో తిప్పే స్టిక్కుల గురించి అడిగితే షిఫ్టంతా మాట్లాడతాను.

“పొద్దున్నుంచీ అక్కడ అదే తిప్పి వచ్చి, ఇంటికొచ్చాక కూడా అదేనా?” అని మా ఆవిడ మొదట్లో అనేది. నాకూ వింతగానే ఉండేది. కాకపోతే క్రేన్లో తప్పు చెయ్యడానికి లేదు. ఇక్కడ గేమ్‌లో లోయలో పదిసార్లు పడ్డా పదకొండోసారి దూకొచ్చు. షిఫ్టు దిగాక ఆ ఒక్క గంట చేతుల్లోంచి టెన్షన్ దిగిపోతుంది.

మన దేశంలో స్లిమ్ 2024 ఏప్రిల్లో వచ్చింది. అప్పుడు సీడీ డ్రైవ్ ఉన్నది 54,990, లేనిది 44,990. జూన్లో నేనూ మా పాపా ద్వారకానగర్లో ఒక పెద్ద షోరూంకి వెళ్లాం. “ఇప్పుడంతా డిజిటలే సార్, సీడీలు ఎవరు వాడుతున్నారు” అన్నాడు కౌంటర్లో అబ్బాయి. కాదు, సీడీదే కావాలి అనగానే మాట మార్చి “అయితే రెండు గేములు కలిపి తీసుకుంటేనే ఇస్తాం సార్” అన్నాడు. ఆ రెండూ ఎన్నాళ్ల నుంచి అక్కడ కదలకుండా కూర్చున్నాయో డబ్బాల మీద దుమ్మే చెబుతోంది. మా పాప వేలితో ఒక డబ్బా మీద గీత గీసి నా వైపు చూసింది. బయటికొచ్చేశాం. ఆశీల్‌మెట్ట దగ్గర ఒక చిన్న షాపులో ఏ తిరకాసూ లేకుండా అసలు ధరకే ఇచ్చి, బిల్లు చేతిలో పెట్టారు. ఎవరైనా ఇలా అంటగట్టే బేరం పెడితే నిలబడి వాదించకండి. ఇంకో షాపు దొరక్కపోదు.

స్లిమ్ అన్న పేరు చూసి సన్నగా ఉంటుందనుకోవద్దు. 2020లో వచ్చిన మొదటి మోడల్ నాలుగున్నర కిలోలు, ఇది 3.2 కిలోలు, అంతే తేడా. మా వన్‌టౌన్ ఇంట్లో టీవీ గూడు చిన్నది. సెట్‌టాప్ బాక్సునీ అప్పన్న స్వామి పటాన్నీ జరిపితే గానీ పట్టలేదు. “స్వామిని జరిపింది మీరే, నాకేం సంబంధం లేదు” అని మా ఆవిడ ముందే చెప్పేసింది. పడుకోబెట్టడానికి చిన్న ప్లాస్టిక్ కాళ్లు రెండు పెట్టెలోనే వస్తాయి. నిలబెట్టే స్టాండు మాత్రం విడిగా కొనుక్కోవాలి. మేం పడుకోబెట్టాం, డబ్బు మిగిలింది.

ఇక సీడీ సంగతి. సీడీ అంటున్నాను గానీ నిజానికి అది బ్లూరే డిస్కు. మా ఇళ్లలో గుండ్రంగా మెరిసేదేదైనా సీడీయే.

“సీడీ అయితే మెమరీ తినదు కదా బావా” అన్నాడు మావాడు ఒకసారి. తింటుందిరా. ఈ కాలం మెషీన్లు సీడీ మీంచి నేరుగా ఆడించవు. గేమ్‌ని లోపల మెమరీగా ఉండే ఎస్ఎస్‌డీలోకి ఎక్కించుకుంటాయి. ఆ తరువాత సీడీ తాళంచెవి లాంటిది. లోపల ఉంటేనే గేమ్ తెరుచుకుంటుంది. వెయ్యి జీబీ అని రాసుంటుంది, వాడుకోవడానికి వచ్చేది 840 దగ్గర. పెద్ద గేములు ఒక్కోటి వంద జీబీ దాకా లాగుతాయి. సీడీ ఉన్నా లేకున్నా ఈ లెక్క ఒకటే. తరువాత చోటు చాలకపోతే లోపల ఇంకో ఎస్ఎస్‌డీ పెట్టుకునే స్లాట్ ఉంది. నాకింకా ఆ అవసరం రాలేదు.

తేడా ఎక్కడంటే, తాళంచెవిని ఇంకొకరి చేతిలో పెట్టొచ్చు. మా షిఫ్టులో ముగ్గురికి ప్లేస్టేషన్ ఉంది. క్యాంటీన్లో క్యారేజీల పక్కన సీడీలు చేతులు మారుతుంటాయి. పైగా దీనికి ముందు మోడల్ ప్లేస్టేషన్ 4 (పీఎస్4) సీడీలు కూడా ఇందులో ఆడతాయి కాబట్టి పాత సరుకు బోలెడంత. డాబాగార్డెన్స్ వైపు ఒక సందులో పాత సీడీలు కొని అమ్మే చిన్న షాపు ఉంది. అక్కడాయన సీడీని ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచి చూసి, గోరుతో గీతను తడిమి ధర చెబుతాడు. నేనూ ఆ విద్య నేర్చుకున్నాను. బ్లూరేలో సమాచారం ఉండే పొర కింది ముఖానికి బాగా దగ్గరగా ఉంటుంది. గట్టి పూత ఉంటుంది కాబట్టి పైపై గీతలకు భయం లేదు గానీ, గోరుకు తగిలేంత లోతు గీత ఉంటే వద్దనండి.

నా లెక్క ఇది. ఏడాదిన్నరలో తొమ్మిది సీడీలు కొన్నాను. రెండు కొత్తవి, 9,000. ఏడు పాతవి, 12,600. మొత్తం 21,600. అందులో ఆరు ఆడేసి అమ్మేస్తే 10,700 చేతికొచ్చింది. అంటే తొమ్మిది గేములు 10,900కి ఆడాం, మూడు సీడీలు ఇంకా గూట్లోనే ఉన్నాయి. సీడీ లేనిదైతే గేములన్నీ నెట్‌లో ప్లేస్టేషన్ స్టోర్లోనే కొని డౌన్‌లోడ్ చేసుకోవాలి. అక్కడ సేల్ పెట్టినప్పుడు చవకగా వస్తాయి, కాదనను, నేనూ కొన్నాను. కానీ ఆడటం అయిపోయాక వాటిని ఏం చేస్తాం? అమ్మలేం, బావమరిదికి ఇవ్వలేం. మిగిలిందనుకున్న డబ్బు రెండు మూడు గేముల్లో కరిగిపోతుంది. డ్రైవ్ లేనిది కొని తరువాత డ్రైవ్ తగిలించుకునే వీలు స్లిమ్‌లో ఉంది నిజమే, మొదటిసారి తగిలించినప్పుడు నెట్‌కు కలిపితే చాలు. అయితే నేను తిరిగిన రెండు మూడు షాపుల్లో ఆ డ్రైవ్ విడిగా దొరకలేదు.

అసలు ఈ పిచ్చి నాకు ఎప్పుడు పట్టిందో చెప్పాలి. మా నాన్న షిప్‌యార్డులో వెల్డర్. మేం సింధియాలో ఉండేవాళ్లం. 1995లో నాకు పన్నెండేళ్లు. బోనస్ వచ్చిందని పూర్ణా మార్కెట్ దగ్గర టీవీ గేమ్ కొనిపెట్టాడు. 1983లో జపాన్లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కి అది నకలు. మాకవన్నీ ఏం తెలుసు, మాకది టీవీ గేమే. క్యాసెట్ మీద 9999 గేములు అని ఉండేది. లెక్కపెడితే పది కూడా ఉండవు, అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. తెర మీద గీతలు వస్తే క్యాసెట్ పీకి, పిన్నుల మీద ఉఫ్ అని ఊది, మళ్లీ గుచ్చేవాళ్లం. ఊదితే బాగవుతుందని వీధి వీధంతా నమ్మేది. నిజానికి బాగయ్యేది ఊదినందుకు కాదు, తీసి పెట్టినందుకు. పిన్నులు మళ్లీ సరిగ్గా ఆనేవి. నోటి తడికి వాటికి చిలుము పట్టి ఇంకా తొందరగా పోయేవి. సముద్రపు గాలి చాలనట్టు మేం కూడా ఓ చెయ్యి వేశాం.

ఇదెందుకు చెప్పానంటే, పీఎస్5తో పాటు ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే గేమ్ లోపలే వేసి ఇస్తారు. డబ్బు కట్టక్కర్లేదు. ఒక చిన్న తెల్ల రోబో పరిగెడుతూ, దూకుతూ ఉంటుంది. దాన్ని తయారుచేసింది కంట్రోలర్ గొప్ప చూపించడానికి. అందులో ఒకచోట ఫ్యాన్ లాంటిది తిరగాలంటే కంట్రోలర్లో ఉన్న మైకులోకి ఊదాలి. నేను పీఠం వేసుకుని కూర్చుని ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నాను. నాన్న వెనక మంచం మీంచి లేచి కూర్చుని, “ముప్పై ఏళ్లయింది, ఇంకా ఊదుతున్నావేటిరా?” అన్నాడు.

ఆ గేమ్‌లోనే ఒక సముద్రతీరం ఉంది. రోబో ఇసుకలో నడుస్తుంటే అరచేతుల్లో మెత్తగా గరగర తెలుస్తుంది. ఇసుక దిగి మంచు మీదికి పోతే ఆ గరగర పోయి, జర్రున జారే ఒక నున్నదనం. ఇనుప పలక ఎక్కితే టకటక. వాన పడితే చినుకులు ఎడమ అరచేతిలో ఒకటి, కుడి అరచేతిలో రెండు, ఇలా విడివిడిగా తగులుతాయి. పాత కంట్రోలర్లలో మోటారుకు ఓ పక్క బరువు కట్టి తిప్పేవారు, సైలెంట్‌లో పెట్టిన ఫోన్ బల్ల మీద అదిరినట్టు మొత్తం అదిరేది. ఇందులో స్పీకర్లో ఉండే లాంటి కాయిల్ ఉంటుంది, ఎంత సన్నగా కావాలంటే అంత సన్నగా కదులుతుంది. మా పాప కళ్లు మూసుకుని కంట్రోలర్ పట్టుకుని, నేను దాని స్టిక్కు తోస్తూ రోబోని నడిపిస్తుంటే “ఇసుక... ఇంకా ఇసుక... ఇప్పుడు నీళ్లు” అని చెప్పింది. ఆర్‌కే బీచ్‌లో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లకు ఆ తేడా పాదానికి తెలుసు. అది బొటనవేళ్లకు తెలియడం నాకు కొత్త.

కంట్రోలర్‌ని పాప కంట్రోలర్ అంటుంది, మా ఆవిడ రిమోట్ అంటుంది, నాన్న పీత అంటాడు. రెండు కొమ్ములూ చూస్తే పీతలాగే ఉంటుంది మరి. దాన్ని పట్టుకునే చోట సన్నగా గరుకుగా ఉంటుంది కదా, మొబైల్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. గరుకు కాదది. బటన్ల మీద ఉండే త్రికోణం, వృత్తం, ఇంటూ, చతురస్రం గుర్తులు ఇసుక రేణువులంత చిన్నవిగా పక్కపక్కనే పోసేశారు. ఎవరూ చూడరని తెలిసీ చేసిన పని. మా నాన్నకు చూపిస్తే అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. వెల్డింగ్ పూసలు ఒకదాని పక్క ఒకటి సమానంగా పడ్డాయో లేదో చూసిన కళ్లు కదా. “పనోడురా” అన్నాడు. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆయన నోట వినలేదు.

స్టిక్కుల దగ్గరికొస్తే నా ఉద్యోగం అడ్డొస్తుంది. ఏ లివర్‌కైనా నట్టనడుమ కాస్త జాగా వదులుతారు, చెయ్యి ఆనినంత మాత్రాన కదలిక రాకూడదు. డెడ్ జోన్ అంటారు. క్రేన్లో అది లేకపోతే నేను తుమ్మితే కంటైనర్ ఊగుతుంది. గేముల్లో చాలావాటి సెట్టింగ్స్‌లో దీన్ని మార్చుకోవచ్చు. వచ్చిన రోజే చూసుకోండి. నాకు తక్కువ జాగా ఇష్టం. మా పాపకు ఎక్కువ కావాలి, దానికి బొటనవేలు ఇంకా నిలకడగా ఉండదు.

స్టిక్కు కింద రెండు చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకి. పాత రేడియో వాల్యూమ్ నాబ్ లోపల ఉండే సరుకే. కార్బన్ పూత మీద చిన్న లోహపు రేకు రాసుకుంటూ తిరుగుతుంది. రాసుకుని రాసుకుని పూత అరిగితే, మనం ముట్టకపోయినా ముట్టినట్టు చెబుతుంది. డ్రిఫ్ట్ అంటే అదే. ఇది ఏ ఒక్క కంపెనీ జబ్బూ కాదు, ఆ పద్ధతికే ఉన్న జబ్బు. ఇంతకుముందు నేను వాడిన ఒక కంట్రోలర్, ఎవరిదైతే ఏం, నేను టీ తాగుతుంటే ఆటలో మనిషిని తనంతట తానే నడిపించి గోడకు గుద్దించేది. డాబాగార్డెన్స్ మెకానిక్ శుభ్రం చేసిస్తే మూడు నెలలు బాగుంది. తరువాత స్టిక్కు భాగం మొత్తం మార్పించాను, 600 అయింది. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ స్టిక్కులు కొన్ని వేరే కంపెనీల కంట్రోలర్లలో వస్తున్నాయి. వాటిలో రాపిడి లేదు కాబట్టి ఆ అరుగుదల ఉండదు. పీఎస్5 మామూలు కంట్రోలర్లో ఉన్నవి పాత రకం పొటెన్షియోమీటర్లే. నా దగ్గరున్న రెండింటికీ ఇప్పటిదాకా డ్రిఫ్ట్ రాలేదు. ఇకముందు రాదని రాసివ్వలేను. రెండో కంట్రోలర్‌కి నాకు దాదాపు ఆరు వేలు అయింది, కాబట్టి పిల్లలు స్టిక్కును గుండ్రంగా గరగరా తిప్పుతూ కూర్చుంటే మందలించండి.

వెనక ఉండే ట్రిగ్గర్లు మాత్రం నాకు బాగా నచ్చాయి. లోపల చిన్న మోటారు, పళ్లచక్రాలు ఉండి వేలికి ఎదురు తోస్తాయి. గ్రాన్ టూరిస్మో 7 అనే కారు రేసుల గేమ్‌లో బ్రేకు గట్టిగా నొక్కితే చక్రాలు పట్టేసే ముందు ట్రిగ్గర్ వేలి కింద టపటప కొట్టుకుంటుంది. తెర చూడక్కర్లేదు, వేలు చెబుతుంది. క్రేన్లో కంటైనర్ నేలకు ఆని తాళ్లు సడలే క్షణంలో సీటు కింద చిన్న కుదుపు వస్తుంది. బరువు దిగిందని కంటికన్నా ముందు అదే చెబుతుంది. ఆటబొమ్మలో అలాంటిది దొరుకుతుందనుకోలేదు. కాకపోతే ఆ గేమ్‌లో చాలా భాగానికి నెట్ ఉండాలి. నెట్ పోతే కారు షెడ్డులోనే.

మా ఆవిడ ఈ మెషీన్ని ఆరు నెలలు ముట్టుకోలేదు. తరువాత క్యాంటీన్ సీడీల్లోంచి ఇట్ టేక్స్ టూ అనే గేమ్ తెచ్చాను. 2021లో వచ్చింది, స్వీడన్లోని హేజ్‌లైట్ స్టూడియోస్ వాళ్లది. దీన్ని ఒక్కరు ఆడలేరు. ఎంత బతిమాలినా ఇద్దరుంటేనే మొదలవుతుంది. విడిపోదామనుకున్న భార్యాభర్తలు కూతురి కన్నీటి చుక్కలు పడి బొమ్మలైపోతారు. తెర సగానికి చీలి ఉంటుంది, ఆయన సగం ఆయనది, ఆవిడ సగం ఆవిడది. ఒకచోట భర్త మేకులు విసిరి గోడకు కొడితే, భార్య సుత్తిని ఆ మేకులకు తగిలించుకుని ఊగుతూ దాటాలి. నేను మేకు వేసే లోపు మా ఆవిడ దూకేసేది. “ముందు వెయ్యాలి కదండీ!” “నువ్వు ఆగాలి కదా!” పక్కింటివాళ్లు నిజంగా గొడవ అనుకుని కిటికీ వేసుకున్నారు.

అలా పది రోజులు ఆడాం, రాత్రి భోజనాలయ్యాక గంట చొప్పున. ఒక రాత్రి ఏనుగు బొమ్మ ఘట్టం వచ్చింది. కూతుర్ని ఏడిపిస్తే మళ్లీ మనుషులవుతామని నమ్మి, ఆ పిల్లకు ప్రాణమైన ఏనుగు బొమ్మని ఈ ఇద్దరూ కలిసి ఈడ్చుకుపోయి పాడుచెయ్యాలి. అది చెయ్యొద్దని బతిమాలుతూ ఉంటుంది. బటన్ నొక్కితే తప్ప గేమ్ ముందుకు పోదు. మా ఆవిడ రిమోట్ కింద పెట్టేసింది. “వీళ్లకి పిల్లనివ్వడమే తప్పు” అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నం తనే వచ్చి, “ఆ ఏనుగు భాగం మీరు కానిచ్చెయ్యండి, తరువాత పిలవండి” అంది. ఇద్దరి చేతులూ కావాలి కదా. ఆ ముక్క వరకు పాప కంట్రోలర్ పట్టుకుంది, మా ఆవిడ వంటింటి గుమ్మంలో అటు తిరిగి నిలబడింది. ఇప్పటికీ ఆ గేమ్‌ని ఏనుగు గేమ్ అనే అంటాం. కథ చివర్లో కాస్త సాగుతుంది, అయినా పెళ్లయిన వాళ్లకు నేను చెప్పే మొదటి పేరు ఇదే.

మెనూలు తెలుగులో లేవు, మన దేశపు భాష ఏదీ లేదు. నాన్నకు అది పెద్ద అడ్డం. చదివే పని లేని ఆస్ట్రో గేములు ఆయన కాసేపు ఆడతాడు. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు 2020లో తెచ్చిన రాజీ అనే గేమ్ సేల్‌లో కొన్నాను. రాక్షసులు తమ్ముణ్ని ఎత్తుకుపోతే అక్క బయల్దేరుతుంది, ఆ కథను దుర్గాదేవీ విష్ణుమూర్తీ మాట్లాడుకుంటూ చెబుతుంటారు. మధ్యమధ్య కథ నీడబొమ్మల్లో నడుస్తుంది. “ఇది మన తోలుబొమ్మలాటే కదరా” అని నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఇంగ్లీషు మాటలు నేను తెలుగులో చెబుతూ ఆడాను. చిన్న గేమ్, మూడు నాలుగు రాత్రుల్లో అయిపోయింది. ఆయనకు ఇంకా ఉంటే బాగుండేది.

డబ్బు పెట్టి కొన్న గేముల్ని ఆన్‌లైన్లో నలుగురితో ఆడాలంటే పీఎస్ ప్లస్ చందా ఉండాలి. ఉచితంగా ఇచ్చే గేములకు అక్కర్లేదు. నేను కట్టను. షిఫ్టుల మనిషికి ఆ నలుగురూ ఒకేసారి దొరకరు.

విశాఖలో ఉండేవాళ్లకు అసలు చెప్పాల్సింది గాలి గురించి. వన్‌టౌన్‌లో పొద్దున తుడిచిన కిటికీ చట్టం మీద సాయంత్రం వేలితో రాస్తే నల్లగా అంటుతుంది. దానికి ఉప్పు తడి తోడు. మా ఇంట్లో స్టీలు చెంచాకే చుక్కలు పడతాయి, ఈ మెషీన్ లోపల ఫ్యాన్ గాలి పీలుస్తూనే ఉంటుంది. కిటికీ వైపు కాకుండా లోపలి గోడకు పెట్టాను. ఆడనప్పుడు పాత నూలు గుడ్డ కప్పుతాను, ఆడేటప్పుడు తీసేస్తాను. గుడ్డ తియ్యకుండా ఆడితే దుమ్ముకన్నా ముందు వేడే చంపుతుంది. మూడు నెలలకోసారి పై ప్యానెల్ తీసి ఫ్యాన్ దగ్గర మెత్తటి బ్రష్షుతో దులుపుతాను, అంతవరకే. అంతకన్నా లోపలికి చెయ్యి పెట్టకండి, సందు చివర మెకానిక్ చేత పెట్టించకండి. చిప్పు చల్లబడడానికి మామూలు పేస్టు కాకుండా ద్రవలోహం వాడారు. అది కరెంటు పారే పదార్థం. పక్కకు ఒలికితే బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే.

టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగ మాటిమాటికీ పీకకండి. నా పాత పీఎస్4ని సంక్రాంతికి బండి మీద సంచీలో వేసుకుని గాజువాక అత్తారింటికి తీసుకెళ్లాను, తీగ దానికే తగిలించి ఉంచి. ఎన్ఏడీ జంక్షన్ గతుకుల్లో పిన్నులు వంగిపోయాయి. తప్పు పూర్తిగా నాది. కొత్త పోర్టు అతికించడానికి 1,800 ఇచ్చాను, పండగ మూడు రోజులూ పేకాటే గతి అయింది.

కరెంటు పోతే ఏమవుతుందని బావమరిది భయం. ఠక్కున పోతే మళ్లీ వేసినప్పుడు లోపల ఒకసారి సరిచూసుకుని మామూలుగానే తెరుచుకుంటుంది. కానీ గేమ్ సేవ్ అవుతున్నప్పుడు పోతే ఆ సేవ్ మీద ఆశ పెట్టుకోవద్దు. పూర్తిగా ఆపకుండా రెస్ట్ మోడ్‌లో వదిలేసి డ్యూటీకి పోయే అలవాటు నేను మానేశాను. పెద్ద గేముల్లో ఇది 200 వాట్ల దాకా తీసుకుంటుంది, ఇంట్లో ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమైతే టీవీతో కలిపి కాసేపు లాగుతుంది. పాత రకం స్క్వేర్ వేవ్ దానికి మాత్రం తగిలించకండి. ఇక అక్టోబరు వస్తే నాకు హుద్‌హుద్ తుపాను గుర్తొస్తుంది. 2014 అక్టోబరు 12న రేకులు లేచిపోయి, బట్టల బీరువాలో దాచిన పీఎస్2 బట్టలతో సహా తడిసిపోయింది. ఇప్పుడు వాయుగుండం అన్న మాట టీవీలో వినబడితే చాలు, మెషీన్ ప్లగ్గు తీసి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, అటక మీద బియ్యం డబ్బా పక్కన పెట్టేస్తాను. మా ఆవిడ సర్టిఫికెట్లు, పట్టా కాగితాలు కూడా అదే కవర్లో పెట్టమంటుంది.

ఇంతవరకు రాసేసరికి బావమరిది వచ్చాడు. మాడుగుల హల్వా తెచ్చాడు కాబట్టి పని మీద వచ్చాడని అర్థమైంది. పైన రాసిన లెక్కంతా చూపించాను. తల ఊపాడు. మా ఆవిడ రెండో రిమోట్ వాడి చేతికిచ్చింది, ఇద్దరూ ఏనుగు గేమ్ మొదటి నుంచి గంటన్నర ఆడారు, ఇద్దరూ అరుచుకున్నారు. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, “సరే బావా, ఆలోచించి చెప్తా. ఈలోపు ఇది ఇంటికాడ మా ఆవిడకి చూపిస్తా” అని సీడీ డబ్బా జేబులో పెట్టుకున్నాడు.

మెషీన్ ఇంకా కొనలేదు. సీడీ మాత్రం పట్టుకుపోయాడు.